పెన్నులు తొలిచిన పిన్ని

పోయిన వారం మా పక్కింటి రేకుల షెడ్డులోంచి లేతు మిషను తీసుకెళ్ళిపోయారు. ట్రాక్టరు వెనక్కి పెట్టి, తాళ్ళు కట్టి, మనుషులు కేకలు వేసుకుంటూ ఎక్కించారు. గచ్చులో బోల్టులు ఊడిన చోట గుంటలు మిగిలాయి. గోడలకి పట్టిన చెక్కపొట్టు చీపురుతో కొట్టినా రాలలేదు. మిషను కొనుక్కున్న వేటపాలెం వడ్రంగి గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు. "ఆవిడ పనిచేసిన చోటు గదండీ" అన్నాడు. ఆ మాటకి మా చెల్లి నా భుజం మీద తల ఆనించి ఏడ్చింది. చెల్లి అంటే తోడబుట్టింది కాదు, ఆ షెడ్డు పిన్ని కూతురు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "అమ్మ గురించి రాయక్కా. నా తల సంగతి కూడా రాయి. ఇంక దాచేదేం లేదు" అంది.

అందుకని రాస్తున్నాను. రాయగలిగిన చెయ్యి ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం. చిన్నప్పుడే కాలు చచ్చుపడి నేను బడి మొహం చూడలేదు. మా అమ్మ కిటికీ దగ్గర కూర్చోబెట్టి, బైబిలు ముందు పెట్టి అక్షరాలు దిద్దించింది. ఆ కిటికీలోంచి చూస్తే ఎదురుగా పిన్ని.

బాబాయి ఉన్నప్పుడు ఆ లేతు మీద మంచం కోళ్ళు, ఉయ్యాల కమ్మీలు, కవ్వాలు తయారయ్యేవి. ఇనప మంచాలు, ప్లాస్టిక్ కుర్చీలు వచ్చి ఆ పని పోయింది. కొన్నాళ్ళకి గుండె ఆగి బాబాయీ పోయాడు. పిన్ని మిషను అమ్మలేదు. బాబాయి పక్కన నిలబడి చూసిన పనే చేతుల్లోకి తీసుకుంది. విజయవాడలో చెక్క పెన్నులు అమ్మే షాపు వాళ్ళు పెన్నులు చేసి పంపమన్నారు. రిటైరైన మేష్టర్లకి, పెళ్ళిళ్ళలో పెద్దలకి బహుమతిగా ఇచ్చే పెన్నులు. నల్లతుమ్మ, దిరిసెన, పొగాకు ఆరబెట్టే పాత బేరన్లు కూల్చినప్పుడు వచ్చే కర్ర, ఏది దొరికితే అది తెచ్చి ముక్కలు కోసుకునేది.

చీర మీద బాబాయి పాత చొక్కా తొడుక్కునేది, చేతులు మోచేతి పైకి కత్తిరించి. కొంగు ఆ చొక్కాలోకి దోపేది. మోకాళ్ళ దాకా వచ్చే జుట్టుని గట్టిగా ముడేసి, దాని మీద తువ్వాలు బిగించి కట్టేది. ఆ అవతారంలో ఆవిణ్ణి మొదటిసారి చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు. "నవ్వండి, నవ్వండి. మిషనుకి మాత్రం నవ్వడం రాదు" అనేది.

పెన్ను పనిలో పైన నున్నగా తీర్చడం చూసేవాళ్ళకి ముచ్చటగా ఉంటుంది. పిన్నికి మాత్రం అసలు పని అంతకు ముందుది, బెజ్జం వేయడం. వేలెడు చెక్క ముక్కని చక్కులో బిగించేది. చక్కు అంటే ముక్కని పట్టుకుని తిప్పే ఇనప పిడికిలి. దానికి ఎదురుగా బిట్టు, అంటే బెజ్జం తొలిచే ఇనప ములుకు. తిరిగేది బిట్టేనని నేను చాలాకాలం అనుకున్నాను. కాదు. బిట్టు ఉన్నచోటే ఉంటుంది, చెక్కే గిర్రున తిరుగుతూ తొలుచుకుపోతుంది. పిన్ని చిన్న చక్రం తిప్పుతూ బిట్టుని కొంచెం లోపలికి పంపేది, వెనక్కి లాగేది, పొట్టు ఊదేది, మళ్ళీ పంపేది. తొందరపడితే లోపల వేడెక్కి ముక్క చీలిపోతుంది. చివరికొచ్చేసరికి ఇంకా నెమ్మది, లేకపోతే బిట్టు బయటపడే చోట చెక్క చిట్లుతుంది. ఆ బెజ్జంలోకి ఇత్తడి గొట్టం బిగుతుగా దిగితేనే అది పెన్ను. లేదంటే పొయ్యిలోకి.

కర్రలకి చుట్టరికాలు కలిపేది. "ఈ తుమ్మ ఉందే, మా అత్తగారు. ఎంత మెల్లిగా పోయినా పొగే." "వేప మా ఆడపడుచు. పైకి మెత్తన, లోపల గింజుకుంటది." దిరిసెనని మాత్రం ఏమీ అనేది కాదు. అది బాబాయికి ఇష్టమైన కర్ర.

బెజ్జం పడుతున్నంతసేపు ఎవరు పిలిచినా పలికేది కాదు. కుడిచెయ్యి చక్రం మీద, ఎడమచేతి వేలు ఒకటి గాల్లో. ఆ వేలు దిగేదాకా వచ్చినవాళ్ళు గడప బయటే. వాడరేవు నుంచి చేపలు తెచ్చే ఆమె ఒకరోజు గంప దించి అరిచింది.

"ఏమమ్మో, కావాలా వద్దా? ఈ ఎండకి నేనే ఎండుచేపనయ్యేట్టున్నా!"

వేలు దిగింది. మిషను ఆగింది. "అయితే ఇంకో నిమిషం ఆగాల్సింది. ఎండుచేప కూర తిని చాన్నాళ్ళయింది" అంది పిన్ని.

మా సంఘం కొత్త గుడి కట్టుకుంది. ప్రతిష్ఠ రోజున పెద్దలకి, చందాలిచ్చినవాళ్ళకి ఇవ్వడానికి పెన్నులు చేసిపెట్టమని సంఘపెద్ద పిన్నికి చెప్పాడు. పిన్ని ఎంత సంతోషపడిందో! మంచి దిరిసెన కర్ర దాచి ఉంచింది, అది తీసింది.

అవి మిరపకోతల రోజులు. వీధి వీధంతా చేలల్లో ఉంది. ఇళ్ళ ముందు పరదాల మీద మిరపకాయలు, వాటి ఘాటు, మనిషన్నవాడు లేడు. చెల్లి అప్పుడు గుంటూరులో నర్సు ట్రైనింగులో ఉండేది, సెలవులకి వచ్చింది. తలంటుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ షెడ్డులోకి వెళ్ళింది. "అమ్మా, అన్నం చల్లారిపోతంది" అని పిలిచింది. పిన్ని వేలు గాల్లోనే ఉంది. బిట్టు ఎంతవరకు దిగిందో చూద్దామని చెల్లి వంగింది.

కేక విని నేను కర్ర పట్టుకుని వెళ్ళేసరికి మిషను ఆగి ఉంది. పిన్ని కూతురి తలని ఒళ్ళో పెట్టుకుని తన తువ్వాలుతో అదిమి పట్టింది. చెవి పైనుంచి వెనకదాకా జుట్టు, దాని కింద చర్మంతో సహా ఊడి వచ్చేసింది. అంతకంటే నేను రాయలేను. రోడ్డు మీద పోతున్న ఆటోని పిన్నే ఆపింది, గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. చక్కుకి చుట్టుకున్న జుట్టుని నేనే కత్తెరతో తీశాను. సగం బెజ్జం పడిన ముక్క అందులోనే బిగుసుకుని ఉంది.

తొడ చర్మం తీసి తలకి అతికారు. ప్రాణం దక్కింది, దేవుడి దయ. కానీ అక్కడ ఇక జుట్టు రాదన్నారు డాక్టర్లు. ఆ మాట విన్న రోజు చెల్లి గోడవైపు తిరిగి, "ఊళ్ళో ఒక్కళ్ళకి తెలిసినా కాలవలో దూకుతా" అంది. పిన్ని ఆ రోజు నుంచి తన కొంగు కూతురి ముంజేతికి కట్టుకుని పక్కన పడుకుంది. "ఒట్టు పెట్టుకోకూడదు మనం. అందుకని దానికి మాటిచ్చా. ఎవరికీ చెప్పను, చావనైనా చస్తాను కానీ చెప్పను అని. నువ్వు చూశావు కాబట్టి నీకు తెలుసు. నువ్వూ చెప్పమాకే" అంది నాతో. నేనూ మాటిచ్చాను.

ఊరికి వచ్చేముందు పిన్ని మంగలి దగ్గర కూర్చుని తన జుట్టంతా తీయించేసుకుంది. చీరాలలో సవరాలు కట్టే ఆమెకి ఆ జుట్టు ఇచ్చి, వల మీద కుట్టించింది. చెల్లి మిగిలిన జుట్టు దాని మీదుగా దువ్వి జడ వేస్తే ఎవరికీ అనుమానం రాదు. అద్దంలో చూసుకుని ఆ పిల్ల గుమ్మం దాటి బయటికి వచ్చిందంటే, అది ఆ జడ వల్లే.

మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటాం. చెల్లి ట్రైనింగుకి తిరిగి వెళ్ళిపోయాక వచ్చిన బల్ల ఆదివారం, పిన్ని తెల్లచీర కట్టుకుని, తలమీద ముసుగేసుకుని వచ్చింది. మోకాళ్ళ మీద వంగినప్పుడు ముసుగు జారింది.

నున్నటి గుండు.

ప్రార్థన మధ్యలోనే గుసగుసలు మొదలయ్యాయి. పిన్ని పుట్టింటివాళ్ళు కొత్తపట్నం వైపు, ఇప్పటికీ ఏటా కొండకి వెళ్ళి తలనీలాలు ఇచ్చొస్తారు. పెళ్ళితోనే పిన్ని బాప్తిస్మం తీసుకుంది. చెప్పాపెట్టకుండా కొన్నాళ్ళు ఊళ్ళో లేదు, తిరిగొచ్చేసరికి గుండు. ఇంక అడిగేదేముంది? మొక్కు తీర్చుకొచ్చింది. అందరూ అదే అనుకున్నారు. వాళ్ళ చోట నేనున్నా అదే అనుకునేదాన్నేమో.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద పిన్నిని ఆపాడు. చెడ్డమనిషి కాడు. బాబాయి పెట్టెని సమాధుల తోట దాకా భుజాన మోసినవాడు.

"ఏమ్మా, కొండకి పోయొచ్చావా?"

"లేదన్నయ్యా."

"మరి జుట్టేదమ్మా?"

"ఇచ్చేశా."

"ఎవరికి?"

పిన్ని బయట చెప్పుల వైపు చూసింది.

"అడుగుతుంటే అట్టా నిలబడతావేంటి? దేవుడి ముందు దాపరికమా?"

"దేవుడి ముందు లేదన్నయ్యా. మీ ముందే."

ఆ మాట ఆయనకి ఎక్కడో తగిలింది. జేబులోంచి కళ్ళజోడు తీసి, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. తప్పు ఒప్పుకునే దాకా బల్లకి రావద్దని చెప్పేశారు. పిన్ని సరేనని తలూపి, ముసుగు సర్దుకుని, బయట చెప్పుల్లో తన చెప్పులు వెతుక్కుంది.

మర్నాడు నేను చెప్పి చూశాను. "మిషనులో పడుద్దని తీయించుకున్నానని చెప్పొచ్చుగా పిన్నీ. అబద్ధమేం కాదుగా?"

"అబద్ధం కాదు. నిజమూ కాదు. సగం బెజ్జం. అందులో గొట్టం దిగదే." చక్కులో కొత్త ముక్క బిగించింది. "ఎవరి జుట్టు పడిందని అడుగుతారు. అప్పుడేం చెప్పను?"

"కొండకి పోయావని ఊరంతా అంటంటే నీకు బాధగా లేదా?"

"మా అమ్మ పోయేది కొండకి. ప్రేమ కొద్దీ ఇచ్చేది జుట్టు. దాన్నేం తక్కువ చెయ్యను నేను. బల్ల దగ్గరే..." అంది. స్విచ్చి వేసింది. వేలు గాల్లోకి లేచింది.

గుడి పెన్నులు అనుకున్న రోజుకి అందించింది. ప్రతిష్ఠ నాడు పెద్దలందరి జేబుల్లో ఆ దిరిసెన పెన్నులే. పిన్ని చిట్టచివరి బెంచీ మీద, చెప్పులు విడిచే తలుపు పక్కన కూర్చుంది. ఆ తర్వాత ఎన్నేళ్ళొచ్చినా ఆవిడ చోటు అదే. బల్ల ఆదివారాలు ఒక్కటీ మానలేదు. రొట్టె పళ్ళెం చివరి బెంచీకి వచ్చేసరికి ఆవిడ తలమీదుగా పక్కవాళ్ళకి అందించేవాళ్ళు. వాళ్ళ చేతులకి అడ్డం రాకుండా పిన్ని కొంచెం వంగేది. 

ఒకసారి క్రిస్మస్‌కి చెల్లి వచ్చింది. కుళాయి దగ్గర ఒకామె పిన్ని వినేట్టు అంది. "తల్లికి లేని సిగ్గు పిల్లకుంది. చూడవే ఆ జడ, ఎంత ఒత్తుగా ఉందో! ఆడదానికి జుట్టే గదా గౌరవం."

పిన్ని బిందె చంకన పెట్టుకుని గబగబా షెడ్డులోకి వచ్చింది. ఏడుస్తుందేమోనని నేను వెనకే వెళ్ళాను. పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "నా జుట్టుని నా మొహానే పొగిడిందే!" అని నవ్వి నవ్వి, అది దగ్గులోకి దిగి, బెంచీ పట్టుకుని కూలబడింది. ఆ దగ్గు అప్పుడే మొదలైందనుకుంటాను.

సవరం పాతబడితే ఇంకొకటి కావాలి. పిన్ని మళ్ళీ జుట్టు పెంచింది. అది నడుము దాకా వచ్చాక మళ్ళీ గుండు. "మళ్ళీ పోయొచ్చిందిరోయ్ కొండకి" అన్నారు. ఈసారి అడిగినవాళ్ళు కూడా లేరు. మూడోసారి పెంచిన జుట్టు తెల్లబడింది. ఒకరోజు దాన్ని గుప్పిట్లో పట్టుకుని నాకు చూపించింది. "ఇంక పనికిరాదే ఇది" అంది. అన్నేళ్ళలో ఆవిడ కళ్ళల్లో నీళ్ళు నేను చూసింది అప్పుడే.

"చెల్లికిప్పుడు ఉద్యోగం వచ్చింది పిన్నీ, ధైర్యం వచ్చింది. నీ సంగతి దానికి చెప్పు. అదే చెప్పుకుంటుంది పెద్దలకి" అన్నాను.

"అది అన్న మాట నువ్వు వినలా. నేను విన్నా" అంది.

అంతే. ఆసుపత్రి మంచం మీద ఏడుస్తూ ఒక పిల్ల అన్నమాట. చెల్లి ఎప్పుడో మర్చిపోయింది. పిన్ని మర్చిపోలేదు. చెల్లి ఒంగోలులో నర్సుగా చేరాక, ఊరికొచ్చి వెళ్ళే ప్రతిసారీ బస్సు కాలవ వంతెన దాటగానే ఫోను చేయాలి. బెజ్జం మధ్యలో ఎవరికీ పలకని మనిషి, ఆ ఫోనుకి మాత్రం మిషను ఆపేసేది. "దాటావా? సరే." మళ్ళీ స్విచ్చి. తల్లి చాదస్తం అనుకునేది చెల్లి. బల్ల తీసుకోవడం లేదేంటమ్మా అని ఒకటి రెండుసార్లు అడిగితే, "అది నాకూ పెద్దలకీ ఉన్న మాట, నీకెందుకు" అని తోసేసింది పిన్ని.

ఊపిరితిత్తుల నిండా చెక్కపొట్టేనన్నాడు డాక్టరు. అప్పటికి ముక్కు మీద గుడ్డ కట్టుకోమని చెప్పినా లాభం లేదు. షెడ్డుకి తాళం పడింది. గది కిటికీ పక్కన మంచం, మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు. చెల్లి సెలవు పెట్టి వచ్చి, తల్లిని పసిపిల్లలా చూసుకుంది. అలాంటి కూతుర్ని ఇచ్చినందుకు పిన్ని మాటిమాటికీ స్తోత్రం చెప్పేది, గాలి అందనప్పుడు కూడా.

ఆ నెల మొదటి ఆదివారం వచ్చింది. "నా కోసం ఇంట్లో కూర్చోమాకు, గుడికి పో" అని పిన్నే చెల్లిని పంపింది. చెల్లి, నేను ఒకే బెంచీ మీద కూర్చున్నాం. కొత్తగా వచ్చిన పాస్టరుగారు కుర్రవాడు, పాత సంగతులు తెలియవు. "మంచం పట్టినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, ఇంటికే రొట్టె తీసుకెళ్దాం" అన్నారు. చెల్లి లేచి, "మా అమ్మకండీ" అంది.

సంఘపెద్ద గొంతు సవరించుకున్నాడు. ముసలివాడయిపోయాడు, మాట మెత్తగానే వచ్చింది. "ఇవ్వాలనే ఉందమ్మా. కానీ మీ అమ్మ ఆ కొండకి పోయిన సంగతి ఇంతవరకు ఒప్పుకోలేదు గదా."

"ఏ కొండ?" అంది చెల్లి.

చెల్లి నావైపు తిరిగింది. "ఏ కొండక్కా?" పిన్నికి మాటిచ్చి ఉన్నాను. నేను తల దించుకున్నాను. కానీ వెనక బెంచీలోంచి ఒకామె, పాపం మంచిగానే, విడమరిచి చెప్పింది. గుండు, మొక్కు, ఇన్నేళ్ళ బల్ల.

చెల్లి నిలబడే ఉంది. ముసుగు తీసింది. తలలోంచి స్లైడులు ఒక్కొక్కటే లాగి బెంచీ మీద పెట్టింది. గుడిలో ఆ చిన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. సవరం ఊడి చేతిలోకి వచ్చింది. చెవి పైన, ముడతలు పడిన ఆ చర్మం అందరికీ కనపడింది.

"మా అమ్మ జుట్టు ఇదిగో మామయ్యా. ఏ కొండ మీదా లేదు. నా తల మీదుంది" అంది. ఆ మిషను సంగతి, ఆసుపత్రి సంగతి అక్కడే నిలబడి చెప్పింది.

పాస్టరుగారు, సంఘపెద్ద రొట్టె, గిన్నె పట్టుకుని అప్పటికప్పుడు బయలుదేరారు. చెల్లి ముసుగు లేకుండానే వీధి వెంట నడిచింది. నేను కర్రతో వెనకబడి, అందరికంటే ఆఖరున గడప ఎక్కాను.

పిన్ని చూపు రొట్టె మీద లేదు. కూతురి తల మీద ఉంది. లేవబోయి, లేవలేక, చెల్లి ముంజెయ్యి పట్టుకుంది. "ఎవరు చూశారే? ఎవరు చెప్పారు? నేను చెప్పలా, నేను చెప్పలా తల్లీ" అంది. ఊపిరి ఎగదన్నుతోంది. "అటు పోమాకే. కాలవ వైపు పోమాకే."

చెల్లికి అప్పుడు అర్థమైంది, ఇన్నేళ్ళ ఫోన్లు ఎందుకో. మంచం అంచున కూలబడిపోయింది. "పోనమ్మా. ఎక్కడికీ పోను. అది ఎప్పటి మాటమ్మా!"

"నిజంగా?"

"నిజంగా."

పిన్ని చెయ్యి వదల్లేదు గానీ పట్టు సడలింది. ఆ తర్వాత రెండు మూడు రోజులకే పోయింది. ఆ రొట్టె ముక్క ఆవిడకి చేరినందుకు స్తోత్రం చెప్పాలని నేను రోజూ మోకాళ్ళ మీద కూర్చుంటాను. చెప్తాను కూడా. కానీ అన్నేళ్ళ బల్ల ఆదివారాలకి ఏం చెప్పాలో ఇంకా తెలియడం లేదు.

ఆ ఆదివారమే, పిన్ని చెల్లి చెయ్యి పట్టుకుని ఉండగా, సంఘపెద్ద మంచం దగ్గరికి వచ్చి, చేతులు జోడించాడు. "తప్పయిపోయిందమ్మా. ఆ రోజు ఒక్కమాట చెప్పుంటే..." అన్నాడు. పాస్టరుగారు ప్రార్థన చేసి రొట్టె విరిచారు. చెల్లి దాన్ని ద్రాక్షరసంలో తడిపి నోట్లో పెట్టింది. గొంతులో గాలికే దారి లేదు, రొట్టె ఎక్కడ దిగుతుంది? దవడ మెల్లిగా కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. గదిలో అందరం నిలబడే ఉన్నాం. సంఘపెద్ద గిన్నె పట్టుకుని ఎదురు చూస్తున్నాడు.

పిన్ని కళ్ళు తెరిచి ఆయన్ని చూసింది.

"కూర్చోండన్నయ్యా" అంది. "నాకు చాలాసేపు పట్టుద్ది."

ఆయన గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఆ గచ్చు మీదే కూర్చున్నాడు.